ఎక్కడ భయమేసిందని అడిగిన బావ

మా బావ పోయాడు. మంగళవారం పొద్దున్న పది దాటాక, ఆసుపత్రి తొమ్మిదో అంతస్తులో, అక్క కాఫీ తెచ్చుకుందామని కిందికి దిగిన ఆ పది నిమిషాల్లో. సింగపూరు తూర్పు కొసన చాంగీ బిజినెస్ పార్కులో మీటింగులో ఉన్న నాకు మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, యూ కమ్ నౌ. నాన్న..." అని ఆగిపోయింది. ఎక్స్‌పో స్టేషన్లో రైలెక్కి, ఊరి ఈ కొస నుంచి ఆ కొస దాకా నిలబడే వెళ్ళాను. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోవాలని తోచలేదు.

ఆ రోజంతా ఫోన్లు. విన్న ప్రతి ఒక్కరూ మొదట అడిగిన మాట ఒకటే: "బండి మీదా?" ఆయన్ని ఎరిగినవాళ్ళెవరికైనా ఆ అనుమానమే ముందు వస్తుంది. అక్క ఓపిగ్గా జవాబు చెబుతూనే ఉంది. "కాదండీ, బండి కాదు. ఊపిరితిత్తులు. ఏడాదిన్నర నుంచీ వైద్యం చేయిస్తున్నాం." సాయంత్రానికి ఆమె గొంతు బొంగురుపోయింది. ఫోన్ పక్కన పెట్టి నాతో అంది: "బండి మీద పోయుంటే ఎవర్ని తిట్టుకోవాలో తెలిసేది. ఇప్పుడెవర్ని తిట్టను?" నేను తల దించుకున్నాను. అక్క అది దుఃఖం అనుకుంది. అది దుఃఖం ఒక్కటే కాదు. ఆ సంగతి కూడా రాయాలనే ఇది మొదలుపెట్టాను.

బావది గాజువాక వైపు. ఇరవై రెండేళ్ళ కిందట వెల్డరుగా వర్క్ పర్మిట్ మీద సింగపూరు వచ్చాడు. ఓడల అడుగున, మనిషి నిలబడ్డానికి వీల్లేని చోట్ల, వెల్లకిలా పడుకుని ఇనుము అతికించాడు. తర్వాత ఫోర్‌మన్ అయ్యాడు, సూపర్‌వైజర్ అయ్యాడు. జురాంగ్ వెస్ట్‌లో ఫ్లాటు తీసుకుని అక్కనీ పాపనీ తెచ్చుకున్నాడు. నేను ఉద్యోగం దొరికి ఇక్కడికొచ్చిన మొదటి మూడు నెలలూ ఆ ఇంట్లోనే, హాల్లో సోఫా మీద పడుకున్నాను. అప్పటికే కింద పార్కింగులో ఆ నీలం బండి ఉంది.

అది జపాను మోటారు సైకిల్. వెయ్యి సీసీలది, వరసగా నాలుగు సిలిండర్లు. ఎవరో చైనీస్ పెద్దమనిషి నడుంనొప్పి వచ్చి వదిలించుకుంటే బావ కొన్నాడు. కంపెనీ పేరు రాయను. ఆ పేరూ, దాని పోటీ బండి పేరూ రాస్తే, చదివేవాళ్ళు సగంమంది బావని మరిచిపోయి వాటి గురించి కొట్లాడుకుంటారు. మేమిద్దరం ఏళ్ళ తరబడి చేసిన పని అదే మరి.

ఆదివారం పొద్దున్న బావ పని చూడాలి. పార్కింగు గచ్చు మీద పాత దుప్పటి పరిచి, దాని మీద గొంతుక్కూర్చుని చెయిన్ శుభ్రం చేసేవాడు. ఒక్కో లంకెనీ గుడ్డతో పట్టి తిప్పేవాడు. రేడియో ఉండదు, పాట ఉండదు. పక్కింటి మలయ్ అంకుల్ సైకిల్ తోసుకుంటూ వచ్చి "సుడా మకాన్?" అని అడిగేవాడు, తిన్నావా అని. "బెలుం, బెలుం" అనేవాడు బావ, ఇంకా లేదని. నిజానికి ఇడ్లీలు తినే దిగేవాడు. తిన్నానంటే మాట అక్కడితో అయిపోతుంది, తినలేదంటే అతను పది నిమిషాలు నిలబడి మాట్లాడతాడు. అంత చిన్న అబద్ధం తప్ప బావ నోట ఇంకో అబద్ధం నేను వినలేదు. ఒక్కటి తప్ప. అది నా కోసం ఆడాడు.

నాకూ బండి పిచ్చి అంటించింది ఆయనే. ఇక్కడ పెద్ద బండి నడపాలంటే మూడు లైసెన్సులు మెట్లు మెట్లుగా ఎక్కాలి. మెట్టుకీ మెట్టుకీ ఏడాది పైన ఆగాలి. నాకు ఆగడం చేతకాదు. "ఏటిరా తొందర? ఏగం అందరికీ వస్తాది. ఆపడం కొందరికే వస్తాది" అనేవాడు. ఖాళీ పార్కింగులో చిన్న బండి మీద నా చేత ముందు బ్రేకు ఒక్కటే వేయించాడు, రెండు నెలలు. రెండు వేళ్ళతో, కోడిగుడ్డు పట్టుకున్నట్టు మొదలుపెట్టి, నిమ్మకాయ పిండినట్టు ముగించాలట. ఆ రెండు నెలల్లో నాకు చాలా కోపం వచ్చింది. ఇవాళ నేను బతికున్నానంటే అందులో ఆ రెండు నెలల వాటా ఉంది.

పెద్ద లైసెన్సు చేతికొచ్చిన రోజే నేను ఇటలీ బండి మీద కన్నేశాను. ఎర్రటిది, కొత్తది. అద్దాల షోరూములో దీపాల కింద దాన్ని చూసి వచ్చి, అక్క పెట్టిన పులిహోర తింటూ గంటసేపు వర్ణించాను. బావ మజ్జిగ తాగుతూ విన్నాడు.

"బాగుంటాది. నాను కాదన్ను. ఆదివారం ట్రాక్ మీద ఏ బండైనా ముద్దొస్తాది. సోమవారం వానలో ఆఫీసుకెళ్ళేటప్పుడు కూడా ముద్దొస్తేనే నీ బండి."

"నీ బండి మాత్రం వానలో ముద్దొస్తుందా బావా?"

"పదేళ్ళు దాటిన బండి. ముద్దొచ్చే వయసు దాటిపోయింది. ఇప్పుడది ఇంట్లో మనిషి."

నేను ఎర్ర బండే కొన్నాను. ఆయన చెప్పినట్టే అయింది. వుడ్‌ల్యాండ్స్ వంతెన మీద మలేసియా సరిహద్దు దాటడానికి వరసలో నిలబడితే ఇంజను వేడికి తొడలు కాలిపోయేవి. దీపం వెలిగి ఆరే చిన్న స్విచ్ ఒకటి పాడైతే ఇటలీ నుంచి వచ్చేదాకా ఏడు వారాలు బండి మూలన పడింది. ఆ ఏడు వారాలూ బావ బండి ఒక్క రోజు ఆగలేదు. దాని క్లచ్ తీగ తెగితే లావెండర్ వైపు ఓ కొట్లో అరగంటలో దొరికింది. నేను ఫోన్లో ఫిర్యాదు చేస్తుంటే ఆయన నవ్వేవాడు కాదు. "కాపురం అంటే అదేరా" అనేవాడంతే.

కానీ ట్రాక్ మీద సంగతి వేరు. సింగపూరులో బళ్ళు తోలే ట్రాక్ లేదు. అందరం సరిహద్దు దాటి మలేసియా వెళ్ళాల్సిందే. తెల్లవారుతుండగా తువాస్ వంతెన దాటి, దారిలో ఆగి రొట్టెలు పప్పులో ముంచుకు తిని, ఎండెక్కే వేళకి చేరేవాళ్ళం. అద్దాలు విప్పేసి, దీపాలకి టేపు అంటించి, తోలు సూట్లలోకి దూరేవాళ్ళం. అక్కడ నా ఎర్ర బండి బుస కొట్టేది. మలుపు దాటి బయటపడగానే అది లాగే లాగుడుకి మెడ వెనక్కి పోయేది. పొడవాటి దారిలో అది బావని దాటిపోతుంటే ఆపడం నా వల్ల కూడా అయ్యేది కాదు. మలుపుల్లో మాత్రం ఆయన నన్ను తినేసేవాడు. ఆ నీలం బండి గీత గీసినట్టు వంగేది, గీత గీసినట్టు లేచేది. నాది ప్రతి మలుపులోనూ నాతో వాదించేది.

దిగి వచ్చాక అందరూ ఎన్ని నిమిషాల్లో చుట్టి వచ్చామో చూసుకునేవాళ్ళు. బావ గడియారం జోలికి పోయేవాడు కాదు. ఎవరు దిగినా ఒక్కటే అడిగేవాడు: "ఎక్కడ భయమేసింది?"

మొదట్లో నేను "ఎక్కడా లేదు" అనేవాణ్ణి. ఆయన మొహం తిప్పేసుకునేవాడు. నాలుగైదు సార్లయ్యాక నిజం చెప్పడం నేర్చుకున్నాను. ఫలానా మలుపులో బ్రేకు వదిలే క్షణాన, ఫలానా ఎత్తు దిగేటప్పుడు. అప్పుడు మాత్రం నీళ్ళ సీసా నా చేతికిచ్చి, నేల మీద పుల్లతో గీసి చెప్పేవాడు. బండిని బండితో పోల్చాలన్నా అదే కొలత. "ఏ బండి నిన్ను తక్కువ భయపెడతాదో అది నీకు మంచి బండి. ఎక్కువ భయపెట్టేది ఇంకోడికి మంచిది అవచ్చు." ఒకసారి నా ఎర్ర బండి ఎక్కి నాలుగు చుట్లు తిరిగొచ్చాడు. హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని, "గొప్ప బండిరా" అన్నాడు. "నాకు ఆరు చోట్ల భయమేసింది. నా దాని మీద రెండే." నా బండి ఎక్కువ గొప్పదని దాని అర్థం అనుకుని పొంగిపోయాను నేను. ఆయన బండి ఎక్కమంటే మాత్రం ఎక్కలేదు. ముసలి బండి మీద కూర్చోడం నాకు నామోషీ.

ఇక అసలు సంగతి.

ఏడాదిన్నర కిందట, ఒక శనివారం మధ్యాహ్నం. మేమున్న గ్రూపులో మలుపు లోపలి వైపు నుంచి ఎవరూ ఎవర్నీ దాటకూడదు. పొద్దున్న అందర్నీ కూర్చోబెట్టి మరీ చెప్పారు. నాలుగు చుట్లుగా చివరికి నేను బావ వెనకే మిగులుతున్నాను. తిన్నని దారిలో దాటుతున్నాను, మలుపుల్లో ఆయన బయటి వైపు నుంచి మళ్ళీ నన్ను దాటి ముందుకు పోతున్నాడు. ఆ రోజు గోడ పక్కన మా ఆఫీసు వాళ్ళు ఇద్దరు చూడ్డానికి వచ్చి నిలబడ్డారు. పద్నాలుగేళ్ళ బండి వెనక నేను తిరుగుతున్నానన్న మాట బుర్రలో తొలిచేస్తోంది. ఆఖరి మలుపు ఎడమకి మెలితిరిగి ఉంటుంది. అక్కడ బావకీ లోపలి గట్టుకీ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా కనిపించింది. దూరిపోయాను.

ఆయన నన్ను చూశాడు. ఆయన మోకాలి పక్కన ఎర్రగా ఏదో కదిలి ఉంటుంది. అప్పుడు ఆయన ముందు రెండు దారులున్నాయి. తన దారిలో తను వస్తే ఇద్దరం తగులుకుంటాం, లోపల ఉన్నది నేను కాబట్టి కింద పడేది నేను. వంగిన బండిని లేపేస్తే నాకు దారి వస్తుంది, తను బయటికి పోతాడు. బావ బండిని లేపేశాడు. అంత వేగంలో అది ఆలోచించి చేసే పని కాదు. మనిషి లోపల ఏది ఉంటే అది బయటికి వస్తుంది. నీలం బండి నిటారుగా కంకర లోకి పోయింది. ముందు చక్రం దిగబడి, ఆయన హ్యాండిల్ మీంచి ఎగిరి భుజం మీద పడ్డాడు.

నేను వెంటనే ఆగలేదు. ఇది రాయడమే నాకు కష్టం. చుట్టు ముగిసే గీత దాటాక, దాటి గోడ వైపు ఒకసారి చూశాక, అప్పుడు వెనక్కి చూశాను. జెండాలు ఊపుతున్నారు.

భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది. ట్రాక్ పక్కనే ఉన్న వైద్యశాలలో చెయ్యి మెడకి కట్టారు. బయట నిలబడి అక్కకి ఫోన్ చేశాను. "మలుపులో ఇసుక ఉందక్కా. జారాడు. పెద్దదేం కాదు" అన్నాను. తలుపు తెరిచే ఉంది. లోపల మంచం మీద బావ నావైపే చూస్తున్నాడు. ఫోన్ ఇమ్మని సైగ చేశాడు. ఆయన ఫోన్ తీసుకుని, "అవునే, ఇసుక. సూసుకోలేదు. రాత్రికి చారు పెట్టు" అన్నాడు.

బళ్ళు ఎక్కించిన అద్దె వ్యానులో దారి పొడుగునా నేను ఏడుస్తూనే ఉన్నాను. సరిహద్దు దగ్గర పాస్‌పోర్టు తీస్తూ బావ, "ఎక్కడ భయమేసింది?" అన్నాడు. నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. "వెనక్కి సూసినప్పుడు కదా" అన్నాడు. "గుర్తుంచుకో. అది మంచి భయం."

సింగపూరులో భుజానికి తీసిన ఎక్స్‌రేలో డాక్టరుకి ఎముకతో పాటు ఇంకేదో కనిపించింది. ఊపిరితిత్తి పై కొసన చిన్న మచ్చ. స్కాను తీశారు, ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సర్. అప్పటికే కొంచెం పాకింది, అయినా ఆయనకి దగ్గు కూడా లేదు. "పడబట్టి దొరికింది. లేకపోతే ఇంకో ఏడాదికి గానీ తెలిసేది కాదు" అన్నాడు డాక్టరు.

అక్క ఆ మాట పట్టుకుంది. ఆ ఇసుక దేవుడే చల్లాడంది. దేవుడి గదిలో దీపం వెలిగించి, కళ్ళు మూసుకుని, ఆ ఇసుకకి దణ్ణం పెట్టుకుంది. నేను ఆ గది గుమ్మంలో నిలబడి ఉన్నాను. బావ సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

తర్వాత ఒకసారి ఇద్దరమే ఉన్నప్పుడు, "నువ్వు పడెయ్యకపోతే నాకు తెలిసేదే కాదురా" అన్నాడు నవ్వుతూ. నన్ను తేలిక చేద్దామని. నాకు తేలిక కాలేదు. నేను ఆయన ఆయుష్షు పెంచానో, ఆయన్ని పడగొట్టానో, రెండూ ఒకటే పనిలో ఎలా ఉంటాయో ఇవాళ్టికీ నాకు తెలియదు.

వైద్యం మొదలైన నాలుగో నెలకి ఆయన వేళ్ళు మొద్దుబారాయి. మందుల వల్ల అలా అవుతుందట. చొక్కా గుండీలు అక్క పెట్టేది. ఒకరోజు కిందికి దిగి, బండి మీద కూర్చుని, ముందు బ్రేకు మీద రెండు వేళ్ళు వేసి చాలాసేపు అలాగే ఉన్నాడట. పైకొచ్చి తాళంచెవి నాకిచ్చేయమని అక్కతో అన్నాడు. "బ్రేకు ఎక్కడ మొదలవుతాందో నాకు తెలట్లేదే. తెలీనోడు నడపకూడదు." అంతే. అంత ప్రాణంగా చూసుకున్న బండిని అంత మాటతో వదిలేశాడు. తర్వాత ఇన్సూరెన్సులో నా పేరు చేర్పించాడు. ఎందుకని అడిగితే, "దానికి కాళ్ళు చాపుకోవాలనుంటాది" అన్నాడు.

ఆ ఏడాది ఆఖర్లో, ఒంట్లో కాస్త బాగున్న రోజుల్లో, ట్రాక్ చూడాలని ఉందన్నాడు. అక్క వద్దంటుందనుకున్నాను. ఆమె చల్లటి నీళ్ళూ, పెరుగన్నం డబ్బా, రెండు టోపీలూ సర్ది ఇచ్చింది. మేనకోడలు కారు నడిపింది. దానికి పంతొమ్మిదేళ్ళు, ఇక్కడే పెరిగింది. నేను నీలం బండి మీద వెనకాల వెళ్ళాను.

అదే నేను మొదటిసారి దాన్ని ట్రాక్ మీద నడపడం. గోడ పక్కన మడత కుర్చీలో బావ. మెడ చుట్టూ తడి తువ్వాలు. నేను బయల్దేరాను. ఆ బండికి నా ఎర్రదానికున్న బలం లేదు. స్విచ్చులూ లేవు, తెరలూ లేవు, జారితే పట్టుకునే యంత్రమూ లేదు. ఉన్నదల్లా ఆయన చేతులు. ప్రతి మరా ఆయన బిగించిందే, ప్రతి తీగా ఆయన సవరించిందే. ఎక్కడ నొక్కితే అక్కడే పలికింది. రెండో చుట్టు నుంచీ నేను బండి గురించి ఆలోచించడం మానేశాను. ఆఖరి మలుపు వచ్చింది. బయటి వైపు, ఆయన ఆ రోజు వచ్చిన దారిలోనే వచ్చి, నెమ్మదిగా దాటాను.

దిగి వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆయన అడగబోతుంటే నేనే చెప్పాను. "ఒక్క చోటే బావా."

"ఏ చోటో నాకు తెలుసులే" అన్నాడు.

మేనకోడలు నీళ్ళ కోసం వెళ్ళింది. ఆయన మొద్దుబారిన వేళ్ళతో నా హెల్మెట్ పట్టీ తీయబోయాడు. రాలేదు. నేను తీసుకున్నాను.

"మీ అక్కకి సెప్పు" అన్నాడు.

"ఇప్పుడా? ఇలా ఉన్నప్పుడా?"

"నానుండగా సెప్పినా సరే, పోయాక సెప్పినా సరే. నాను మాత్రం సెప్పను. అది నీదిరా. నీ బదులు ఇంకోడు మొయ్యకూడదు."

"తనకి కోపం వస్తుంది."

"రానీ. కోపం వచ్చినంత మాత్రాన అక్క కాకుండా పోతాదేటి?"

చెబుతానన్నాను. చెప్పలేదు. ఈ వారం, వచ్చే వారం, ఈ స్కాను రిపోర్టు వచ్చాక. ఆయన మళ్ళీ అడగలేదు. యూ టీ పేటలో మా ఇంటి నుంచి జురాంగ్ వెస్ట్ వెళ్ళే ప్రతిసారీ దారి పొడుగునా మాటలు కూడబలుక్కునేవాణ్ణి. వాళ్ళ లిఫ్టు తలుపు తెరుచుకోగానే అవన్నీ పోయేవి. ఆఖరి రోజుల్లో ముక్కులో గొట్టం పెట్టుకుని కూడా పక్క మంచం ఆయనతో టైర్ల గురించి మాట్లాడాడు. ఆ మంచం ఆయన టాక్సీ తోలేవాడు. నన్ను చూపించి ఇంగ్లీషులో, "ఇతను నా తమ్ముడు. బ్రేకు బాగా వేస్తాడు" అన్నాడు. ఆయన నోట నేను విన్న పొగడ్త అదొక్కటే.

పదకొండో రోజు కార్యం అయ్యాక, వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, అక్క వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. "ఆ ఇసుక పుణ్యమా అని ఏడాదిన్నర ఎక్కువ దక్కాడు" అంది, నాతోనో, గిన్నెలతోనో. ఇక ఉండబట్టలేకపోయాను.

"ఇసుక లేదక్కా. నేనే దూరాను. నేను పడిపోకుండా ఆయన తప్పుకున్నాడు."

అక్క గిన్నె కింద పెట్టింది. అంతా చెప్పాను. గోడ పక్కన నిలబడ్డ ఆఫీసు వాళ్ళ సంగతీ చెప్పాను.

"ఆయన పడ్డాక ఆగావా?"

"ఆగాను. వెంటనే కాదు."

"ఎంత దూరం పోయాక?"

చెప్పాను.

"నేను ఇసుకకి దణ్ణం పెట్టానురా" అంది. గొంతు పెంచలేదు. "నువ్వు గుమ్మంలో నిలబడి చూశావు."

ఆమె చేతులు కడుక్కుని, తుడుచుకుని, "వెళ్ళు" అంది. వెళ్ళాను.

పంతొమ్మిది రోజులు అక్క నా ఫోన్ ఎత్తలేదు. మేనకోడలు మాత్రం మెసేజ్ పెట్టేది: "అమ్మ ఈజ్ ఈటింగ్. డోంట్ వర్రీ." ఒకసారి ఫోన్ చేసి, "మామా, అమ్మ యాంగ్రీ ఈజ్ గుడ్ లా. బిఫోర్ దట్ షి వాజ్ జస్ట్ సిట్టింగ్" అంది, ఇక్కడి ఇంగ్లీషు యాసలో. ఆ పిల్లకి వాళ్ళ నాన్న బుద్ధే వచ్చింది.

ఇరవయ్యో రోజు అక్క తనే ఫోన్ చేసింది. ఇక్కడ బండికి ఆయుష్షు కాగితం మీద రాసి ఉంటుంది. గడువు తీరితే పొడిగించుకోవచ్చు. పొడిగించడానికీ ఒక హద్దుంది. నీలం బండికి ఆ హద్దు కూడా వచ్చేసింది. శుక్రవారం లోపల తుక్కు యార్డులో అప్పగించాలి.

"నిన్ను క్షమించానని పిలవలేదు" అంది. "బండి తీసుకెళ్ళడం నీకే చేతనవును."

వెళ్ళేసరికి ఆమె కిందే ఉంది, పార్కింగులో. గచ్చు మీద ఆ పాత దుప్పటి పరిచి ఉంది. చెయిన్ తుడిచింది. అన్ని లంకెలూ కాదు, కొన్ని నల్లగా ఉండిపోయాయి. చేతులకి మోచేతుల దాకా గ్రీజు. మేనకోడలు హెల్మెట్ ఒకటి పట్టుకుని నిలబడింది.

"వెనక సీటు ఉందా దీనికి?" అంది అక్క.

ఉంది. అరచేయంత ముక్క. ట్రాక్ కోసం బావ తీసి స్టోర్‌రూములో పెట్టాడు. అది తెచ్చి బిగించాను. కొన్న ఇన్నేళ్ళలో అక్క ఆ బండి ఎక్కలేదు. పడిపోతానని కాదు, ఆయన్ని పడేస్తానని. కదలకుండా కూర్చోడం తనకి రాదనేది.

"కదలకుండా కూర్చోవాలా?" అని అడిగింది ఇప్పుడు.

"నేను ఎటు వంగితే అటు చూడు చాలు."

మేనకోడలు ఆమెకి హెల్మెట్ పెట్టి పట్టీ బిగించింది. బండి టాంకు మీద ఒకసారి తట్టింది. "బై నాన్నా" అంది. బండిని అలా పిలిచినందుకు సిగ్గుపడ్డట్టు వెంటనే మొహం పక్కకి తిప్పుకుంది.

నేను ఎంత నెమ్మదిగా నడిపానంటే బస్సులు దాటిపోయాయి. అక్క రెండు చేతులూ నా భుజాల మీద పెట్టింది. మొదట చెక్కలా ఉన్నాయి. రెండో మలుపు దగ్గర కొంచెం మెత్తబడ్డాయి. ఓడల యార్డులవైపు పోయే పెద్ద రోడ్డు మీద ఎర్ర దీపం పడింది. ఆగాను.

పక్క వరసలో ఒక లారీ వచ్చి ఆగింది. వెనక ఇరవై మంది దాకా కూర్చుని ఉన్నారు, రెండో షిఫ్టుకి పోయేవాళ్ళు. బావ ఆ బండి ముందు చక్రానికి తన చేత్తో పసుపురంగు వేశాడు. పడమటి వైపు ఓడల యార్డుల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన వాళ్ళకి ఆ చక్రం తెలుసు. లారీలో ఒకతను దాన్ని చూసి లేచి నిలబడ్డాడు. పక్కవాణ్ణి తట్టాడు. ఇద్దరి మొహాలూ వెలిగాయి.

"అన్నా! అన్నోయ్! ఆసుపత్రి నుంచి ఎప్పుడొచ్చావన్నా? ఒంట్లో బాగుందా?"

మా కంపెనీ మారిపోయిందన్నా, నీ కబురే తెలీలేదు అని అరుస్తున్నాడు. నా హెల్మెట్ అద్దం నల్లటిది, మూసి ఉంది. తెరవడానికి చెయ్యెత్తాను. నా ఎడమ భుజం మీద అక్క వేళ్ళు గట్టిగా నొక్కాయి. చెయ్యి దించేశాను.

కుడి భుజం మీది చెయ్యి లేచింది. అక్క వాళ్ళకేసి చెయ్యి ఊపింది.

"వదినా! నమస్తే వదినా!" లారీలో ఇంకో నలుగురు లేచారు. అందరూ చేతులు ఊపుతున్నారు, చెవుల దాకా నవ్వుతూ. పచ్చ దీపం పడింది. లారీ కదిలి, ఎడమకి తిరిగి, యార్డు రోడ్డులోకి పోయింది. వెనక నిలబడ్డ అతను పడకుండా కడ్డీ పట్టుకుని ఇంకా చూస్తూనే ఉన్నాడు. నేను అద్దంలో చూశాను. గ్రీజు మరకలతో అక్క చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.